విశాఖ తీరంలో ఒక రోజు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వచ్చే చలికాలంలో సభ్యుల కోసం విశాఖకు బస్సు వేద్దామని కార్యదర్శిగారి ఆలోచన. ఈమధ్యనే కుటుంబంతో వెళ్లివచ్చాను గనుక నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. 34 ఏళ్లు ఖజానా శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

ఒక ఆదివారం పొద్దున్నే విజయనగరంలో రైలెక్కాం. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, ఆరో తరగతి చదివే మనవడు. కోడలు పులిహోర, పెరుగన్నం కట్టింది. మనవడికి సముద్రం కన్నా పులిహోర మీదే ధ్యాస.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేసిన సంగతి మా నాన్నగారు చెప్పేవారు. నాకు తెలిసింది 1971 డిసెంబరు. అప్పుడు నేను కాలేజీ కుర్రవాణ్ణి. దీపాల వెలుతురు బయటికి కనబడకుండా కిటికీలకు నల్ల కాగితాలు అంటించేవాళ్లం. 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు దగ్గరే మునిగిపోయింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. శత్రువులే కావచ్చు, వాళ్లకూ తల్లులుంటారు కదా. ఆ యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం బీచి రోడ్డులోనే ఉంది.

అదే రోడ్డులో ఇసుక మీద మన కురుసుర జలాంతర్గామి ఉంది. సోవియట్ దేశంలో తయారైంది. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించింది. 31 ఏళ్ల సర్వీసు, నాకన్నా మూడేళ్లు తక్కువ! 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. పొడవు 91 మీటర్లు గాని, లోపల అంతా ఇరుకే. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోండి. మా ఆవిడ బయటే కూర్చుంది.

లోపల అన్నీ వివరించినాయన కూడా నౌకాదళంలో చేసి విరమించిన పింఛనుదారే. సుమారు 75 మంది ఇందులో రోజుల తరబడి ఉండేవారట. గోడవారగా బల్లల్లాంటి పడకలు చూపించారు. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి.

1980ల మొదట్లో నేను ఒక ఉప ఖజానాలో పింఛన్ల కౌంటరు చూసేవాణ్ణి. ఒక ముసలమ్మ వచ్చేది. కొడుకు నౌకాదళంలో పనిచేస్తూ పోయాడు. ఒక నవంబరులో ఆమె లైఫ్ సర్టిఫికెట్ మీద గజిటెడ్ అధికారి ముద్ర సరిగా లేదని తిప్పి పంపాను. మూడుసార్లు తిరిగింది. రూలు ప్రకారం నాది తప్పు కాదు. కాని గజిటెడ్ అధికారి మా మేడమీదే ఉండేవారు. పది మెట్లెక్కించి తీసుకెళ్లలేకపోయాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె అడిగింది: "బాబూ, మావాడు ఓడలో ఎక్కడ పడుకునేవాడో, ఏం తినేవాడో ఎవరూ చెప్పరు. కాగితాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి గదా, అందులో రాసుంటాదా?"

"ఇందులో అవేమీ ఉండవమ్మా" అని తరువాతి మనిషిని పిలిచాను.

ఆ పడకల ముందు నిలబడి ఆమె ప్రశ్నలే గైడుగారిని అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. డ్యూటీ వంతులవారీగా, నిద్రా వంతులవారీగానే. మంచినీళ్లు పొదుపు గనుక స్నానం మాట మరచిపోవాలి. తాజా కూరలు అయిపోయాక డబ్బాల్లో నిలవచేసిన తిండే. ఆ అబ్బాయి ఏ ఓడలో పనిచేశాడో నాకు తెలియదు. ఇలాంటి పడక మీదే పడుకున్నాడో లేదో కూడా తెలియదు. వెనక జనం తోస్తుంటే కదిలాను.

ఎదురుగా టి.యు. 142 విమానం ఉంది. 2017 నుంచి అదీ ప్రదర్శనలో ఉంది. మనవడికి అదే ఎక్కువ నచ్చింది. సాయంత్రం ఇసుకలో మొక్కజొన్న పొత్తులు తింటూ ముసలమ్మ సంగతి ఇంట్లోవాళ్లకు మొదటిసారి చెప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు. మనవడు మాత్రం, "ఆవిడ పేరేంటి తాతా?" అన్నాడు.

ఆమె పి.పి.ఓ. ఏ బీరువాలో, ఏ అరలో ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. పేరు మాత్రం గుర్తు రాలేదు. రైలు విజయనగరం చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

కార్యదర్శిగారూ, బస్సు వేసినప్పుడు నాకూ ఒక సీటు ఉంచండి. గైడుగారిని ఇంకా కొన్ని అడగాల్సినవి ఉన్నాయి.