రంభ మేడయు మన పాతకాగితములును
(ఖల్లికోటలో జరిగిన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రంభలో చిలికా యొడ్డున నున్న పెద్దమేడను చూడనివారు మనలో లేరు. అది ఖల్లికోట రాజావారి మేడ యనియే మన మెఱుగుదుము. కాని దానిని మొదట కట్టించినది రాజులు కారు. 1790 ప్రాంతములో గంజాంలో ఈస్టిండియా కంపెనీ యధికారిగా నుండిన థామస్ స్నోడ్‌గ్రాస్ దొర కట్టించెను. ఆ సంవత్సరములలోనే ఉత్తర సర్కారులను ఘోరమైన కఱవు పీడించినది. ప్రజలకు గంజి దొరకని కాలమున ఈ సౌధము లేచినదని మనము మఱవరాదు. స్వదేశమునకు మరలిన పిమ్మట కంపెనీవారు ఆ దొరకు పింఛను నిరాకరింపగా, లండనులో వారి కచేరి యెదుట చీపురు పట్టి వీథి నూడ్చి, వారిని సిగ్గుపఱచి పింఛను సాధించెనని యొక కథ చెప్పుదురు.

తరువాత ఆ మేడ ఖల్లికోట మర్దరాజ వంశమువారిదైనది. 1802 నాటి శాశ్వత పైసలా నిబంధన ననుసరించి పేష్కషు చెల్లించుచు వచ్చిన జమీందారులలో వారొకరు. బరంపురమున 1856లో పాఠశాలగా మొదలై, 1878లో కళాశాలయైన సంస్థకు 1893లో ఖల్లికోట పేరు వచ్చుట హరిహర మర్దరాజుగారి దానఫలము. అందు ఒడియా బిడ్డలతోపాటు మన బిడ్డలును చదివిరి.

ఆ హరిహర మర్దరాజుగారి కాలముననే, 1902లో, గంజాం జాతీయ సమితికి రంభలో బీజము పడినది. 1903 డిసెంబరులో కటకమున ఉత్కళ సమ్మేళనము తొలిసారి సమావేశమైనది. అప్పుడు గంజాం మద్రాసు రాజధానిలోనిది. కచేరీలలో తెలుగు చెల్లుచుండెను. తమ భాషకు చోటు లేదని ఒడియా సోదరులు పడిన బాధ న్యాయమైనదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా, ఇల్లు కదలకయే మనము అల్పసంఖ్యాకులమైతిమి. దీనికై ఎవరిని నిందింపను. నాడు వారు తమ భాషకై పూనుకొనిరి. నేడు మన భాషకై మనము పూనుకొనవలెను.

1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీల కాలము తీరినది. ఇటీవల రంభ మేడ జీర్ణోద్ధరణము పొంది యాత్రికులకు వసతిగృహమైనది. గోడలు నిలిచినవి, సంతోషమే. అయితే ఆ యెస్టేటు కథ గోడలలో లేదు. ఎవరు ఏ భూమి దున్నిరి, ఎంత శిస్తు కట్టిరి, హుమ్మా సుర్లాల ఉప్పు ఎవరు బండ్ల కెత్తిరి అను సంగతులు కాగితములలో నుండును. మన యిండ్ల అటకలపై మూటగట్టిన తెలుగు పద్దు పుస్తకములు, రసీదులు, పట్టాలు, దస్తావేజులు అట్టివే.

వానిని చదువగల పెద్దలు తగ్గుచున్నారు. బిడ్డలకు ఒడియాయు, ఆంగ్లమును వచ్చును; తాతగారి వ్రాత రాదు. పెద్దవారు గతించిన మఱుసటి యేడే మూటలు పొట్లముల కాగితమునకు తూకమునకు పోవుచున్నవి. కొన్నిటిని చెదలు తినుచున్నవి.

కావున నా మనవి యిది. ఏ కాగితమును చదివించకుండ పాఱవేయకుడు. ఇంట నున్న పెద్దలచేత చదివించి, తేదీ, ఊరు, సంగతి మూడును ఒక నోటు పుస్తకమున నెక్కించుడు. ఆ పని మనుమనిచేతనే చేయించినచో వానికి అక్షరములును వచ్చును. వర్తకుడను గనుక నా కెఱుకైన మాట యొకటి చెప్పి విరమించెదను: పద్దులో లేని బాకీ ఎంత నిజమైనను వసూలు కాదు.