మూడు తరాలకు ఆవల



తర్పణ వేళ మనం తండ్రి, తాత, ముత్తాతల పేర్లు ఉచ్చరిస్తాం. అంతకు ముందరి పేర్లు చాలా ఇళ్లలో మరుగున పడ్డాయి. కానీ అవి దస్త్రాలలో మిగిలి ఉండవచ్చు. మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో మాన్యందారుల పేర్లు, వారసత్వ వివరాలు కనిపిస్తాయి. కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు గ్రామాల పూర్వ వృత్తాంతాలను తెలుపుతాయి. మీ పెద్దలు హరిద్వార యాత్ర చేసి ఉంటే, అక్కడి పండాల వహీలలో వారి ఊరు, వంశం నమోదై ఉండవచ్చు. ఆ వహీలలో అనేకం యూటా రాష్ట్రపు వంశచరిత్ర సంస్థ మైక్రోఫిల్ములకు ఎక్కించింది. 1965 వలస చట్టం తరువాత ఇక్కడికి వచ్చిన మన పౌరసత్వ పత్రాలు సైతం రేపటి ఆధారాలే.

అయితే ఈ దస్త్రాలలో స్త్రీల పేర్లు అరుదు. వైద్యురాలిగా నేను కుటుంబ చరిత్ర అడిగినప్పుడు, అమ్మమ్మ ఏ వ్యాధితో పోయారో చాలామంది చెప్పలేరు. గుండెజబ్బు, మధుమేహాల ముప్పు తల్లి వైపు నుండీ రావచ్చు. ఆ సమాచారం ఏ గ్రంథాలయంలోనూ దొరకదు; ఇంటి పెద్దల జ్ఞాపకంలోనే ఉంది.

కనుక ఈ వారమే వారికి ఫోను చేయండి. అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు, పుట్టింటి ఊరు, గతించిన వయస్సు, కారణం అడిగి వ్రాసుకోండి. మీ పిల్లలు చదువగల లిపిలోనూ ఒక ప్రతి ఉంచండి.