అర్జీకీ ఉత్తర్వుకూ మధ్య



మనం ఎవరిని తలుచుకుంటున్నామో ఆ పేరు బ్యానరు మీదే ఉంది. మేమంతా ‘మేడమ్’ అనేవాళ్లం. గృహహింస మీద నేను రాసిన మొదటి వ్యాసాన్ని ఆవిడ దిద్ది ఇచ్చినప్పుడు సెక్షన్ల జోలికి పోలేదు. చివరి పేజీ పక్కన ఒకటే రాశారు: ‘అర్జీ పెట్టిన రాత్రి ఆ పిల్ల ఎక్కడ పడుకుంది?’ నేనింకా ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాను.

1961 వరకట్న నిషేధం, 1983లో శిక్షాస్మృతిలోకి వచ్చిన 498ఏ సెక్షను మీకు చెప్పక్కర్లేదు. అప్పట్లో వాటితో భర్త మీద కేసు పెట్టగలిగేవాళ్లు. నన్ను కొట్టకు, ఇంట్లోంచి గెంటకు అని కోర్టు చేత చెప్పించాలంటే మాత్రం సివిల్ దావా, ఇంజంక్షనే దిక్కుగా ఉండేవి. ఇంగ్లండు, పెన్సిల్వేనియా 1976లోనే ఇందుకు చట్టాలు చేసుకున్నాయి. ఆ కథ దగ్గర నాకు ఎప్పుడూ ఆవులింతలే, వదిలేస్తాను.

నేను ఏళ్ల తరబడి తవ్వింది మన గృహహింస చట్టం రూపుదిద్దుకున్న మూడేళ్లు, 2002 నుంచి 2005 దాకా. 2002లో కేంద్రం పార్లమెంటులో పెట్టిన బిల్లు చూడండి. భర్త ‘అలవాటుగా’ కొడితేనే అది గృహహింస. ‘పండక్కీ పబ్బానికీ తప్ప చెయ్యి చేసుకోనండీ’ అంటే సరిపోయేది! తన్ను తాను కాపాడుకోవడానికో, ఆస్తి కాపాడుకోవడానికో చేసింది హింస కిందికి రాదని ఇంకో మినహాయింపు. లాయర్స్ కలెక్టివ్ తరఫున ఇందిరా జైసింగ్ బృందం అప్పటికే వేరే ముసాయిదా తయారుచేసి ఉంది. మహిళా సంఘాలు ఆ ‘అలవాటు’ మీదే పట్టుబట్టాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘమూ ఆ మాటలు తీసేయమంది. 2004లో లోక్‌సభ రద్దయి బిల్లు మురిగిపోయింది. మురిగిపోవడమే మేలైంది. 2005 చట్టంలో 3వ సెక్షను ఏ చర్యనైనా, చేయాల్సింది చేయకపోవడాన్నైనా లెక్కలోకి తీసుకుంది. నా మటుకు ఈ చట్టం సగం గెలుపు ఆ ఒక్క మాట ఎగిరిపోవడంలోనే ఉంది.

ఈ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలు. అర్జీ బాధితురాలే పెట్టొచ్చు, చట్టం కింద నియమించిన రక్షణాధికారి పెట్టొచ్చు, ఆమె తరఫున ఇంకెవరైనా పెట్టొచ్చు. పుట్టింట తాత్కాలికంగా తలదాచుకుంటుంటే ఆ ఊరి మేజిస్ట్రేటు దగ్గరే పెట్టొచ్చు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు. ఆమెకు చదువు రాకపోతే రక్షణాధికారి అర్జీని చదివి వినిపించి వివరించాలని రూల్సులో ఉంది.

ఇక్కడే నా పాత తగాదా. సభానిర్వాహకులు క్షమించాలి. రక్షణాధికారి రాసే నివేదిక, మనం డీఐఆర్ అంటామే, అది లేనిదే ఉత్తర్వు ఇవ్వకూడదని వాదించే పండితులున్నారు. ముందు వరుసలో ఒకాయన అప్పుడే నవ్వుతున్నారు. తటస్థమైన అధికారి చూసి రాసింది ఉంటేనే కోర్టుకు నిజానిజాలు తెలుస్తాయని వారి వాదన. కొన్ని హైకోర్టులూ ఆ దారే పట్టాయి. అయ్యా, 12వ సెక్షను ‘అందిన నివేదిక ఏదైనా ఉంటే’ పరిశీలించమంది. అందేదాకా కూర్చోమనలేదు. 23వ సెక్షను ప్రకారం ఆమె అఫిడవిట్ చూసి, ఎదుటివాడికి చెప్పకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు. డీఐఆర్ తప్పనిసరైతే ఆ సెక్షను ఎందుకు? పైగా మన ఉమ్మడి రాష్ట్రంలో రక్షణాధికారిగా ఉన్నది ఎవరు? జిల్లా మొత్తం అంగన్‌వాడీలు చూసుకునే ప్రాజెక్టు డైరెక్టరు. ఒక కోర్టు రికార్డు గదిలో నేను చూసిన కట్టలో వరసగా ఏడు వాయిదాలకు ఒకటే షరా: ‘డీఐఆర్ రాలేదు.’ ఎనిమిదో వాయిదాకు అర్జీదారు రాలేదు. మేడమ్ ప్రశ్న నాకు ఆ గదిలో మళ్లీ వినిపించింది. 2022 మేలో సుప్రీంకోర్టు డీఐఆర్ తప్పనిసరి కాదని తేల్చింది. ముందు వరుస పెద్దాయన ఇంకా తేల్చుకోలేదు.

చీటీ వచ్చింది, అయిదు నిమిషాలట. 2016లో సుప్రీంకోర్టు ప్రతివాది నిర్వచనంలోంచి ‘వయోజన పురుషుడు’ అన్న మాట కొట్టేసింది, కాబట్టి అత్తగారి మీద, ఆడబిడ్డ మీద కూడా అర్జీ వేయొచ్చు. 2020లో ఉమ్మడి నివాసం అంటే భర్త పేరున ఉన్న ఇల్లే కానక్కర్లేదన్నారు, మామగారి ఇల్లూ కావచ్చు. దీన్ని కాదన్న 2006 నాటి తీర్పు పోయింది. ఇది గంటసేపు చెప్పాల్సిన సంగతి. 2022లోనే మరో తీర్పు, 12వ సెక్షను అర్జీకి ఏడాది గడువు లేదని. 2025 మేలో, చట్టం అమలుకు పద్దెనిమిదేళ్లు దాటాక, రక్షణాధికారులు లేనిచోట్ల ఆరు వారాల్లో నియమించండని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ శిశు సంక్షేమ శాఖవారు ఉన్నారు కదా, మీ జిల్లాలో ఆ కుర్చీలో ఎవరున్నారో టీ దగ్గర చెప్పండి, రాసుకుంటాను.