తుపాకీ ఒకటి, గొట్టాలు రెండు



హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరస్వామి తేరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు బెలూన్ల అంగడి గుర్తుండే ఉంటుంది. పలక నిండా రంగురంగుల బెలూన్లు వరుసగా కట్టి ఉంటారు. ఎదురుగా బల్ల మీద ఒక గాలి తుపాకీ. చిన్నప్పుడు మనలో చాలామంది మొదటిసారి తుపాకీ పట్టుకున్నది అక్కడే. ఆ గాలి తుపాకీని గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం. బడిపంతులుకు తుపాకీతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఆ పని పెట్టింది నా దగ్గర చదువుకున్న ఒక శిష్యుడే.

అతనికి డెంకణికోట వైపు తోట ఉంది. టమాటా, జామ పెట్టాడు. కోతుల బెడద, చిలకల బెడద. కూతురు తొమ్మిదో తరగతి. టీవీలో పోటీలు చూసి తనూ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి, "సార్, ఒకే తుపాకీకి రెండు గొట్టాలు మార్చుకోవచ్చంట. సన్న గొట్టం పాపకు, లావు గొట్టం తోటకు. ఒక్కటి తీసుకుంటే సాలదా?" అన్నాడు.

"ఉండప్పా, ముందు లెక్క చూద్దాం" అన్నాను. ఆ లెక్కే మీకూ చెబుతాను.

గాలి తుపాకీలో మందు ఉండదు. మామూలు రకంలో గొట్టాన్ని కిందికి వంచితే లోపలి స్ప్రింగు నొక్కుకుపోతుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ఆ పిస్టన్ గాలిని ఒత్తుతుంది, గాలి గుండును తోస్తుంది. మనం సైకిలుకు కొట్టే పంపు లాంటిదే, కాకపోతే లిప్తలో జరిగిపోతుంది. ఖరీదైన పోటీ తుపాకుల్లో స్ప్రింగు ఉండదు, ముందే గాలి నింపిన సిలిండరు ఉంటుంది.

ఇక గొట్టం కొలత. మన దగ్గర ఎక్కువగా వినబడేవి రెండు. ఒకటి 4.5 మిల్లీమీటర్లది, అంగడివాళ్ళు పాయింట్ వన్ సెవెన్ సెవెన్ అంటారు. రెండోది 5.5 మిల్లీమీటర్లది, పాయింట్ టూ టూ అంటారు. ఇక్కడొక జాగ్రత్త. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లాకు చెందిన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కంచు పతకం గెలిచాడు. ఆ పోటీలోదీ పాయింట్ టూ టూ రైఫిలే. కానీ అది మందు నింపిన తూటాతో పేలేది, గాలిది కాదు. పేరు ఒకటే, వస్తువు వేరు.

4.5 గుండు బరువు సుమారు అర గ్రాము. 5.5 గుండు సుమారు ఒక గ్రాము. పదో తరగతి పిల్లలకు చెప్పే సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. బరువును వేగంతో రెండుసార్లు గుణించి సగం చేస్తే శక్తి, దాన్ని జౌళ్ళలో చెబుతాం. రెంటికీ 20 జౌళ్ళ శక్తి ఇచ్చామనుకుందాం. 0.53 గ్రాముల చిన్న గుండు సెకనుకు సుమారు 275 మీటర్ల వేగంతో పోతుంది. 0.93 గ్రాముల పెద్ద గుండు సుమారు 207 మీటర్ల వేగంతో పోతుంది. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, 30 మీటర్లు పోయేసరికి చిన్న గుండు దాదాపు 6 సెంటీమీటర్లు కిందికి జారుతుంది, పెద్దది 10 సెంటీమీటర్లు. అంటే చిన్నది తిన్నగా పోతుంది, పెద్దది బరువుగా తగులుతుంది. ఈ రెంటిలో ఏది మేలు అని అడిగితే జవాబు లేదు. ఏ పనికి అని అడిగితేనే జవాబు.

సరే, గొట్టం మార్చడం సంగతి. అబద్ధమేమీ కాదు, అలాంటివి ఉన్నాయి. అమెరికాలో బీమన్ కంపెనీ ఒకే తుపాకీతో రెండు గొట్టాలిచ్చి అమ్మింది. స్వీడన్‌లోని ఎఫ్‌ఎక్స్ కంపెనీ తయారుచేసే ఇంపాక్ట్ అనే తుపాకీకి అనేక కొలతల గొట్టాలున్నాయి. అయితే గొట్టం ఒక్కటి మారిస్తే పని అయిపోదు. సిలిండరు తుపాకీలో గుండును లోపలికి నెట్టే పుల్ల మార్చాలి, గుండ్ల మ్యాగజీన్ మార్చాలి, గాలి వదిలే కొలత సర్దుకోవాలి. స్ప్రింగు తుపాకీలో గొట్టం కూర్చునే చోట గాలి కారకుండా చూసుకోవాలి. దేనికైనా సరే, గొట్టం మార్చిన ప్రతిసారీ గురి మారిపోతుంది. మళ్ళీ కాగితం పెట్టి, పదీ ఇరవై గుండ్లు కాల్చి సరిచూసుకోవాలి. పొద్దున తోటకు, సాయంత్రం సాధనకు అంటే రోజంతా గురి సర్దుకోవడంతోనే సరిపోతుంది. పొరపాటున చిన్న గుండును పెద్ద గొట్టంలో పెట్టారా, గాలి పక్కలనుంచి పోతుంది. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ పోయి గట్టిగా గుద్దుకుంటుంది. తుపాకీ పాడవుతుంది.

ఇంతకంటే పెద్ద సంగతి చట్టం. ఇంగ్లండులో గాలి రైఫిలును గొట్టం కొలతతో కాక శక్తితో చూస్తారు. 12 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 16 జౌళ్ళు దాటకపోతే ఏ గొట్టమైనా ఒకటే. అందుకే అక్కడివాళ్ళ సలహాల్లో గొట్టం మార్చడం చిన్న ముచ్చటగా కనిపిస్తుంది. మన దేశంలో అలా కాదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్ళ లోపు, గొట్టం 4.5 మిల్లీమీటర్ల లోపు, ఈ రెండు హద్దులూ దాటకుండా ఉన్న గాలి తుపాకీకే లైసెన్సు అక్కరలేదు. అంటే ఏమైంది? లైసెన్సు లేకుండా కొన్న తుపాకీకి ఇంట్లో కూర్చుని 5.5 గొట్టం బిగిస్తే, ఆ సాయంత్రం నుంచి అది లైసెన్సు కావలసిన ఆయుధమే. మరలు బిగించినంత సులువుగా మనిషి నేరంలో ఇరుక్కుంటాడు. అనుమానం ఉంటే కలెక్టరు కార్యాలయంలో ఆయుధ లైసెన్సుల విభాగాన్ని అడగండి. సరిహద్దుకు ఇవతల తమిళనాడు, అవతల కర్ణాటక, ఇంకో పక్క ఆంధ్ర. బస్సు మారితే రాష్ట్రం మారుతుంది గాని ఈ నియమం మారదు. ఇది దేశమంతటికీ ఒకటే.

ఇప్పుడు తోట మాట. చిలక అయినా నెమలి అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపుదలలో ఉన్నవే. అడవి పందిని కూడా అనుమతి లేకుండా చంపకూడదు. చంపం సార్, బెదిరిస్తాం అంటారు కొందరు. గాలి తుపాకీకి పెద్ద శబ్దం లేదు, దేన్ని చూసి బెదరాలి? తగిలిందంటే గాయమే. గాయపడిన కోతి ఏ చెట్టు మీదో నాలుగు రోజులు కుళ్ళి చస్తుంది, మంద మాత్రం మరునాడు మళ్ళీ వస్తుంది. చిలకలకు వల కప్పండి. మెరిసే రిబ్బను కట్టండి. కాపు మీద ఉన్నన్నాళ్ళు మనిషిని కాపలా పెట్టండి. కోతులు మితిమీరితే అటవీశాఖకు అర్జీ పెట్టండి. చూశారా, లావు గొట్టం కావాలన్న పనికి అసలు తుపాకీయే పనికిరాదు.

మిగిలింది పాప మాట. ఒలింపిక్ గాలి రైఫిల్ పోటీ 10 మీటర్ల దూరంలో, 4.5 గుండుతోనే జరుగుతుంది. 5.5కు అందులో చోటే లేదు. పది పాయింట్లు వచ్చే నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 60 గుండ్లు కాల్చడానికి 75 నిమిషాలు. ఇక్కడ కావలసింది బలం కాదు, నిలకడ. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చింది ఈ పోటీలోనే. 2012లో లండన్‌లో ఇదే పోటీలో కంచు పతకం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడే. పిల్లలకు మొదటిరోజే తుపాకీ కొనకండి. ముందు ఒక క్లబ్బులో చేర్పించి అక్కడి తుపాకీతో కొన్ని నెలలు నేర్పించండి. ఎత్తు పెరిగే వయసు, తుపాకీ కొలత వాళ్ళ భుజానికి కుదరాలి. పోటీ రైఫిల్ బరువు ఐదున్నర కిలోల దాకా ఉండవచ్చు. కొనేటప్పుడు శిక్షకుణ్ణి అడిగి కొనండి.

చివరగా నా సొంత మాట ఒకటి. నాకు పన్నెండేళ్ళప్పుడు ఎండాకాలం సెలవులకు కుప్పం దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయాం. చిన్నమామ ఇంట్లో గాలి తుపాకీ ఉండేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక తీసుకుని, రాతిగోడ మీద కొబ్బరిచిప్ప పెట్టి కొట్టాను. చిప్ప తప్పింది. గుండు రాతికి తగిలి తిరిగొచ్చి, నా పక్కన నిలబడిన తమ్ముడి కనుబొమ మీద తగిలింది. ఒక్క అంగుళం కిందైతే కన్ను. ఈనాటికీ తమ్ముడు నవ్వినప్పుడు ఆ మచ్చ నాకు కనబడుతుంది. వాడు మరచిపోయాడు, నేను మరచిపోలేదు.

కాబట్టి ఇంట్లో గాలి తుపాకీ ఉంటే నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి. గురి వెనుక రాయి, ఇనుము ఉండకూడదు. మెత్తటి మట్టికట్ట గాని, గుండ్లు పట్టే పెట్టె గాని ఉండాలి. గొట్టం ఎప్పుడూ మనిషి వైపు చూడకూడదు, ఖాళీ అని తెలిసినా సరే. కళ్ళకు అద్దాలు పెట్టుకోవాలి. గుండ్లు సీసంవి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా అన్నానికి కూర్చోకూడదు. ఇక తుపాకీకి తాళం, ఆ తాళంచెవి పెద్దల దగ్గర.

నా శిష్యుడు లెక్క అంతా విని కాసేపు ఊరకుండినాడు. తర్వాత, "అయితే సార్, తోటకు వల, పాపకు క్లబ్బు. అంతే కదా" అన్నాడు. అంతే. వల కప్పాడు. పాప ఇప్పుడు ఆదివారాల్లో బస్సెక్కి బెంగళూరు వెళ్ళి నేర్చుకుంటోంది. తుపాకీ ఇంకా కొనలేదు. కొనేనాటికి అది ఒక గొట్టమున్న 4.5 తుపాకీయే అవుతుంది.

ఏ వస్తువైనా కొనబోయే ముందు ఇది ఎన్ని పనులు చేస్తుంది అని అడగడం మనకు అలవాటు. ఆయుధం దగ్గర మాత్రం నాకు ఉన్న పని ఏమిటి అని ముందు అడుగుదాం.