షుగరుంటే ఇల్లు కదలకూడదా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో షుగరు వ్యాధి ఉన్నవాళ్లం కొందరం రోజూ పొద్దున్నే కలిసి నడుస్తూ ఉంటాము. మేము డాక్టర్లం కాము. మందులు వేసుకుంటూ, తిండి సరిచూసుకుంటూ, డాక్టర్లు చెప్పింది విని, దొరికింది చదివి నలుగురితో పంచుకునేవాళ్లం. మా అందరి తరఫున నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. తిండి, ప్రయాణం అనే రెండు సంగతులే మాట్లాడి కూర్చుంటాము.

2023లో భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే ఫలితాలు వచ్చాయి. దేశంలో 10 కోట్ల పైచిలుకు జనానికి షుగరుందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారనీ ఆ లెక్క. అంటే ఇది ఏ ఒక్కరి ఇంటి గొడవా కాదు. అయినా ఒకరికి షుగరని తేలగానే మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. పిల్లలేమో, "ఇంక మీరెక్కడికీ వెళ్లొద్దు అబ్బాజాన్, ఇంటిపట్టున ఉండండి" అంటారు. దావతుకి వెళితే చుట్టాలేమో, "ఒక్కరోజుకి ఏం కాదు భాయ్‌సాబ్, ఇంకొంచెం డబల్ కా మీఠా వేయించుకోండి" అంటారు. రెండూ ప్రేమతో అన్న మాటలే, కాని రెండూ మనిషికి చెరుపే చేస్తాయి. కదలాల్సినవాణ్ణి కూర్చోబెడుతున్నాము, మానాల్సింది తినిపిస్తున్నాము.

షుగరున్నవాడు ఏం చేయగలడో కాస్త చూడండి. వసీం అక్రమ్‌కి 1997లో షుగరు బయటపడింది. ఇన్సులిన్ తీసుకుంటూనే ఆడాడు, 2003 ప్రపంచ కప్పులో వన్డే క్రికెట్టులో 500 వికెట్లు తీసిన మొదటి బౌలరయ్యాడు. ఆస్ట్రియా దేశంవాడు గెరి వింక్లర్. అతనికీ ఇన్సులిన్ లేనిదే గడవదు. భూమ్మీద అన్నిటికన్నా పల్లపు చోటైన మృతసముద్రం ఒడ్డు నుంచి బయలుదేరి, చాలా దూరం సైకిలు తొక్కుకుంటూ హిమాలయాలకు వచ్చి, 2006లో ఎవరెస్టు శిఖరమెక్కాడు. మనం ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. గోల్కొండ కోట పైకి సుమారు 360 మెట్లున్నాయి. అవి నిదానంగా ఎక్కి దిగగలిగితే మనకదే పెద్ద కొండ. హజ్జుకి వెళ్లాలన్న కోరిక, అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న మనవల్ని చూడాలన్న ఆశ, లదాఖు మంచుకొండలు ఒక్కసారైనా చూడాలన్న సరదా ఇవన్నీ షుగరు పేరు చెప్పి చంపుకోనక్కరలేదు. సన్నాహం లేకుండా బయలుదేరడం మాత్రం తప్పు.

ఇక తిండి సంగతి. ఈమధ్య మన పిల్లలు "పేలియో" అనే మాట వాడుతున్నారు. రాతియుగపు తిండి అని అర్థం. వ్యవసాయం మొదలై సుమారు 10 వేల ఏళ్లే అయింది, అంతకు ముందు లక్షల ఏళ్లు మనిషి వేటాడిన మాంసం, చేపలు, గుడ్లు, ఆకులు, దుంపలు, పండ్లు, గింజలు తిని బతికాడు, ఆ శరీరమే మనకింకా ఉంది అని వీరి వాదన. 1985లో అమెరికాలో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు పండితులు ఒక పేరున్న వైద్య పత్రికలో దీని గురించి వ్యాసం రాశారు. 2002లో లారెన్ కార్డెయిన్ పుస్తకం వచ్చాక ఇది జనంలో పడింది. ఈ పద్ధతిలో అన్నం, రొట్టె, పప్పు, పాలు, చక్కెర అన్నీ నిషేధమే.

ఇందులో నిజమెంత? ఆస్ట్రేలియాలో కెరిన్ ఓడీ అనే శాస్త్రజ్ఞురాలు చేసిన పని వినదగినది. పట్నపు తిండికి అలవాటుపడి షుగరు తెచ్చుకున్న 10 మంది ఆదివాసులు ఆమెతో కలిసి తమ పూర్వీకుల అడవిసీమకు తరలివెళ్లారు. 7 వారాలు అక్కడే ఉండి, వేటాడి, చేపలు పట్టి, దుంపలు తవ్వుకుని తిన్నారు. తిరిగివచ్చేసరికి సగటున 8 కిలోల బరువు తగ్గారు. పరగడుపు చక్కెర 200 పైచిలుకు నుంచి 120 దగ్గరికి దిగింది. 1984లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. కాని ఒక్క సంగతి మరవకండి. వాళ్లు తిండి మార్చడమే కాదు, తక్కువ తిన్నారు, తిండి కోసం రోజంతా తిరిగారు. పక్కన శాస్త్రజ్ఞురాలు ఉన్నారు. తిండి, నడక, పర్యవేక్షణ మూడూ కలిస్తేనే ఆ ఫలితం వచ్చింది. మంచం మీద కూర్చుని కబాబులు తింటే రాతియుగం రాదు!

2009లో స్వీడన్‌లో 13 మంది షుగరు రోగులకు మూడు నెలలు ఈ తిండి, మూడు నెలలు మామూలు షుగరు పథ్యం పెట్టి చూశారు. పేలియో నెలల్లో చక్కెర, బరువు మరికొంత ఎక్కువే తగ్గాయి. 13 మందంటే చిన్న లెక్కే. అయినా దారి ఎటో తెలుస్తున్నది.

మన కంచం సంగతికి వద్దాము. మన దేశంలో సగటు మనిషి తిండిలోని శక్తిలో 60 శాతం పైన బియ్యం, గోధుమ, చక్కెర లాంటి పిండిపదార్థాల నుంచే వస్తోంది. అందుచేత పేరేదైనా గాని, మరబియ్యం తగ్గించడమే అసలు మందు. కంచంలో సగం ఆకుకూరలు, కూరగాయలు పెట్టుకోండి. గోంగూర, తోటకూర, పాలకూర, బీరకాయ, సొరకాయ, కాకరకాయ మనకేం కొదువ? పావు వంతు చేప గాని, కోడి గాని, కొవ్వు తీసిన మాంసం గాని, గుడ్డు గాని ఉంచండి. మిగిలిన పావులో కొద్దిగా అన్నమో జొన్నరొట్టో చాలు. ముందు కూర, మాంసం తిని, చివర అన్నం తింటే చక్కెర అంత గబుక్కున పెరగదు. పప్పు మానమని పేలియోవారంటారు గాని, మన పెసలు, అలసందలు మానడానికి మాకు కారణం కనపడలేదు, వాటివల్ల చక్కెర నెమ్మదిగానే పెరుగుతుంది. హలీంలో మాంసంతో బాటు గోధుమ కూడా ఉందని గుర్తుంచుకోండి. తేనె, బెల్లం, ఖర్జూరం ప్రకృతి ఇచ్చినవే, కాని రక్తంలోకి వెళ్లాక అవీ చక్కెరే.

ఇక్కడ చేతులు జోడించి ఒక హెచ్చరిక చేస్తున్నాము. ఎవరో చెప్పారని రాత్రికి రాత్రి అన్నం మానేసి, మందులు పాత లెక్కనే వేసుకోవద్దు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు అన్నం తగ్గిస్తే, మందు మోతాదు కూడా తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు పిండిపదార్థాలు బొత్తిగా మానితే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, ఆయాసం వస్తాయి. మీటరులో చక్కెర అంత ఎక్కువ కనపడకపోవచ్చు కాబట్టి మోసపోతాము. మూత్రపిండాల జబ్బున్నవారు డాక్టర్ని అడగకుండా మాంసం పెంచకూడదు. అలాగని భయపడి మందు సొంతంగా మానేయడం మరీ తప్పు. డాక్టరుగారి దగ్గరకు వెళ్లి, "ఇంత అన్నం తగ్గించదలిచాము, మందు ఎలా మార్చమంటారు?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న ప్రాణం కాపాడుతుంది.

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు మాట. తిండి మార్పు, ప్రయాణం రెండూ ఒకే రోజు మొదలుపెట్టవద్దు. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే ఇంట్లో తిండి మార్చండి, నడక పెంచండి, మీటరుతో చూసుకోండి. నాలుగు కిలోమీటర్లు నడిస్తే నా చక్కెర ఎంత తగ్గుతుంది, ఆలస్యంగా తింటే ఏమవుతుంది, ఏ కూరకు ఎంత పెరుగుతుంది అన్నది ఎవరి శరీరం వారికే నేర్పుతుంది. ఆ చదువు ఇంట్లో అయితే, దారిలో పరీక్ష సులువు.

మూట కట్టేటప్పుడు మేము పాటించే పద్ధతులివి. మందులు అవసరానికి రెండింతలు తీసుకొని, రెండు సంచుల్లో పంచుకొంటాము. డాక్టరుగారి చీటీ వెంట ఉంచుకొంటాము. విమానంలో ఇన్సులిన్ చేతిసంచీలోనే ఉండాలి. సామాన్ల గదిలో వేస్తే గడ్డకట్టవచ్చు, ఒకసారి గడ్డకట్టినది పారేయాల్సిందే. వేడికి కూడా చెడుతుంది, కారులో ఎండకు వదలరాదు. దూరదేశం వెళ్లేవారు గంటల తేడాకి మందు వేళలు ఎలా మార్చాలో ముందే రాయించుకోవాలి. దారి తిండికి ఉడికించిన గుడ్లు, బాదం, అక్రోటు, కొబ్బరి ముక్కలు, జామకాయలు, దోసకాయలు పనికొస్తాయి. బక్రీదు తర్వాత మన ఇళ్లలో ఉప్పూ పసుపూ పట్టించి, తాడుకు గుచ్చి ఎండబెట్టే మాంసం ఉంది చూశారా, పేలియోవారు డబ్బుపోసి కొనే తిండి అదే! రక్తపోటున్నవారు మాత్రం ఉప్పు చూసుకోవాలి.

జేబులో చక్కెర తప్పనిసరి. మానాల్సిన చక్కెరే ఒక్కోసారి మందవుతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి, మాట తడబాటు వస్తే, మీటరులో 70 కంటే తక్కువుంటే, వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. తగ్గకపోతే మళ్లీ అదే, తేరుకున్నాక కాస్త తిండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి చేర్చాలి. "నాకు షుగరుంది" అని తెలుగులోను, వెళ్లే చోటి భాషలోను రాసిన కార్డు జేబులో ఉంచుకోవాలి.

పాదాల మీద దయ ఉంచండి. షుగరుతో నరాలు మొద్దుబారితే కాలింది కూడా తెలియదు. ఎండలో మండే చలువరాతి మీద చెప్పుల్లేకుండా నడవరాదు. కొత్త బూట్లు ప్రయాణానికి నెల ముందే తొడిగి అలవాటు చేసుకోవాలి. ప్రతి రాత్రీ పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2024 జూన్ హజ్జులో మక్కాలో 51 డిగ్రీలు దాటింది, 1300 మంది పైగా చనిపోయారు. కాబట్టి నీడ, నీళ్లు, గొడుగు, విశ్రాంతి ముఖ్యం. నడవలేనప్పుడు చక్రాల కుర్చీ అడగడం చిన్నతనం కాదు. చలికొండలకు వెళ్లేవారికి మరో జాగ్రత్త. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. ఎత్తువల్ల వచ్చే తలతిరుగుడూ చక్కెర పడిపోయిన లక్షణమూ ఒకేలా ఉంటాయి, అందుచేత ఊహించుకోక మీటరు చూడాలి. చలికి మీటరు తప్పు చూపవచ్చు, ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. రెండింటినీ చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. బయలుదేరే ముందు గుండె, కళ్లు, మూత్రపిండాల పరీక్ష చేయించుకోవడం ఎవరికైనా మంచిది.

చివరగా రెండు విన్నపాలు. మొదటిది పిల్లలకు. అమ్మానాన్నల్ని ఆపకండి, చక్కెర పడిపోతే ఏం చేయాలో నేర్చుకుని వెంట వెళ్లండి. రెండోది దావతులు చేసే పెద్దలకు. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీతో బాటు ఒక పళ్లెం పచ్చి కూరగాయలు, ఒక చేప కూర కూడా పెట్టించండి, వద్దన్నవారిని తీపి కోసం బలవంతపెట్టకండి. పొద్దున నడకకు మాతో ఎవరు వచ్చినా సంతోషం. కొత్త చెప్పులూ, మీటరూ తెచ్చుకుంటే చాలు.

 అల్లా అందరికీ ఆరోగ్యాన్నీ, క్షేమంగా వెళ్లి క్షేమంగా తిరిగివచ్చే ప్రయాణాలనూ ప్రసాదించుగాక. సెలవు.