పట్టికలో పేరు వెదకుట

కంప్యూటరునకు పని చెప్పు భాషలలో జావాస్క్రిప్టు ఒకటి. 1995వ సంవత్సరమున బ్రెండన్ ఐక్ దానిని రూపొందించెను. అందు పట్టికలో పేరు వెదకు రీతిని నేడు మనవి చేసెదను.

రామయ్య, సోమయ్య, వెంకయ్య అను మూడు పేర్ల పట్టిక కలదనుకొందము. 'ఇండెక్సాఫ్' అను ఆజ్ఞ నిచ్చినచో, యంత్రము మొదటినుండి ఒక్కొక్క పేరును సరిచూచి, దొరకిన స్థానమును తెలుపును. అయితే ఆ లెక్క సున్నతో మొదలగును. రామయ్య స్థానము 0, వెంకయ్యది 2. పేరు లేనిచో −1, అనగా సున్నకు ఒకటి తక్కువ, వచ్చును.

ప్రమాదమిక్కడనే కలదు. "స్థానము వచ్చినదా?" యని మాత్రమే యడిగినచో, సున్నను యంత్రము 'కాదు' అనియు, −1ని 'అవును' అనియు గ్రహించును. అందరికంటె ముందున్న రామయ్య లేనివాడగును, లేనివాడు ఉన్నవాడగును! అది పింఛను పట్టికయైనచో ఒక వృద్ధుని నోటికూడు పోవును. కావున వచ్చినది −1 అగునా, కాదా యని పరీక్షింపవలెను. ఉనికి మాత్రమే కావలసినచో, 2016లో చేరిన 'ఇన్‌క్లూడ్స్' అను ఆజ్ఞ అవును, కాదు అని సూటిగా చెప్పును.

యంత్రము అంకె నిచ్చును. దాని యర్థమును నిర్ణయించువాడు మనుష్యుడే. "పట్టికలో నీ పేరు లేదు" అని యెవరైన ననినచో, పట్టికను కన్నులార చూపుమని యడుగుడని నా మనవి.