దెబ్బ పడేదాకా ఆగొద్దు
(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి డోలు మోగుతోంది. అడవి గురించి, భూమి గురించి మాట్లాడుకున్నాం. నేను ఇంటి లోపలి సంగతి ఒకటి చెప్తాను.

“పెళ్లికి ఒప్పుకోకపోతే కాళ్లు విరగ్గొడతా.” “ఇంకోసారి చదువంటే చంపేస్తా.” ఇంట్లో ఎవరైనా ఇలా అంటే మనం ఏం చేస్తాం? “కోపంలో అన్నాడులే” అని సర్దేస్తాం. ఆ మాట పడ్డ పిల్లకు మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

చట్టం ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. పిల్లలతో కలిసి ఉండే మనిషే చంపుతానని, కొడతానని బెదిరించి, అన్నంత పనీ చేసేలా ఉంటే, 18 ఏళ్లలోపు ఆ పిల్లలకు రక్షణ ఇవ్వాలని 2015 బాల న్యాయ చట్టం చెబుతోంది. ఒంటిమీద దెబ్బ కనిపించాలనీ, ఆసుపత్రి చీటీ తేవాలనీ లేదు. వయసు రాకముందే పెళ్లి చేయబోతున్న పిల్లలకూ ఇదే రక్షణ ఉంది.

ఇందుకోసం బాలల సంక్షేమ సమితి ఉంటుంది. అందులో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు. మీరే స్వయంగా వెళ్లవచ్చు. పోలీసులు, టీచరు, నర్సు, మంచి మనసున్న ఊరివాళ్లు ఎవరైనా తీసుకెళ్లవచ్చు. దారి తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. రాత్రయినా పగలైనా పలుకుతారు, పైసా ఖర్చు లేదు.

చెల్లెళ్లూ, 2005 గృహహింస చట్టం పెళ్లయిన ఆడవాళ్లకే అనుకోకండి. ఒకే ఇంట్లో ఉండే తండ్రి నుంచి, అన్న నుంచి కూడా కూతురు రక్షణ అడగవచ్చు. బెదిరించవద్దని, దగ్గరికి రావద్దని మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇస్తారు. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. మహిళల హెల్ప్‌లైన్ 181.

“వకీలుకు డబ్బులెక్కడివి?” అంటారా? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం పిల్లలకూ ఆడవాళ్లకూ షెడ్యూల్డ్ తెగలవాళ్లకూ వకీలు ఉచితం. ఆదాయం అడగరు. అంటే 18 దాటిన తమ్ముడు కూడా మన తెగవాడిగా అర్హుడే. కుల ధ్రువీకరణ పత్రం జాగ్రత్తగా దాచుకోండి. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఒక పొరపాటు మన యువతలో బాగా ఉంది. అన్నిటికీ అట్రాసిటీ చట్టమే అనుకుంటారు. అది ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు మనపై చేసే నేరాలకు. మన ఇంట్లో మనవాళ్ల మధ్య పనిచేయదు. ఇంటి విషయానికి నేను పైన చెప్పిన చట్టాలే దిక్కు.

“ఇంటి మాట కోర్టుకెక్కిస్తే ఆచారం ఏమవుతుంది?” అని పెద్దలు అడుగుతారు. గట్టు తగాదాకూ ఇచ్చిపుచ్చుకునే వ్యవహారాలకూ మన పెద్దల పంచాయితీ ఉంది. 1996 పెసా చట్టం కూడా ఆ పద్ధతిని గౌరవించింది. కానీ పిల్ల ప్రాణం తగాదా కాదు. పంచాయితీ కూర్చునే రోజు దాకా ఆ పిల్ల అదే ఇంట్లో, అదే మనిషి ఎదురుగా ఉండాలి కదా?

“అమ్మానాన్నలను జైలుకు పంపినట్టవుతుందేమో” అన్నది ఇంకో భయం. సమితి శిక్షలు వేసే కోర్టు కాదు. ముందు మీ మాట వింటుంది, ఇంటి పరిస్థితి విచారిస్తుంది. క్షేమమైతే తిరిగి ఇంటికే పంపాలని చూస్తుంది. మీ పేరు, ఫోటో పత్రికల్లో వేయడం నేరం.

చివరిగా మూడు పనులు. ఈ నెంబర్లు నోటికి రావాలి. ఫోన్ లాక్కుంటే రాసుకున్న కాగితమూ ఉండదు. సిగ్నల్ లేని ఊరైతే టీచరు, వార్డెన్, అంగన్‌వాడీ అక్క, ఆశా అక్కల్లో ఒకరిని ఇప్పుడే మనసులో అనుకోండి. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో గుర్తుపెట్టుకోండి. ప్రాణం మీదకు వస్తే మాత్రం ఆలోచించకండి, 112.

మీ పక్క బెంచీలో కూర్చునే పిల్ల సెలవులకు ఇంటికి వెళ్లనని ఏడిస్తే నవ్వకండి. ఎందుకని అడగండి. ఆమె నోరు విప్పలేకపోతే ఆ ఫోన్ మీరే చేయండి.

జోహార్.